ఎగో, బిఫోర్, లాస్ట్: వెనక్కి లెక్క ఎక్కణ్నుంచి?

‘హీ కేమ్ బిఫోర్ టూ డేస్’ అన్న వాక్యం మనవాళ్ల ఇంగ్లిష్‌లో తరచూ వినబడుతుంది. అది తప్పని, ‘టూ డేస్ ఎగో’ అనాలని చాలామందికి తెలుసు. ఎందుకని అడిగితే మాత్రం జవాబు దొరకదు. గడిచిన కాలం గురించి చెప్పడానికి ఇంగ్లిష్‌లో మాటలకు కొదవలేదు: ఎగో, బిఫోర్, ఎర్లియర్, లాస్ట్, పాస్ట్, ప్రీవియస్, ప్రయర్, ఫార్మర్, ఎక్స్, లేట్. తెలుగు అర్థాలు చూసుకుంటే వీటిలో సగానికి పైగా ‘మునుపటి’, ‘గత’, ‘పూర్వపు’ అనే మూడు మాటల్లోనే సర్దుకుంటాయి. అర్థాలు బట్టీ పట్టినంత మాత్రాన తేడా చిక్కదు. చాలావాటిని విడదీసేది ఒక్క ప్రశ్న: వెనక్కి లెక్కపెట్టడం ఎక్కడ మొదలుపెడుతున్నాం? ఇప్పటి నుంచా, కథలోని మరో రోజు నుంచా?

ఈ తేడా తెలుగుకు కొత్తదేమీ కాదు. ‘రెండు రోజుల క్రితం వచ్చాడు’ అంటే ఇవాళ్టి నుంచి వెనక్కి రెండు రోజులు. ‘పెళ్లికి రెండు రోజుల ముందు వచ్చాడు’ అంటే పెళ్లి రోజు నుంచి వెనక్కి రెండు రోజులు. ఆ పెళ్లి పదేళ్ల కిందటిది కావచ్చు, వచ్చే నెలలో జరగబోయేదీ కావచ్చు. క్రితం అన్నచోట ఎగో, ముందు అన్నచోట బిఫోర్ పెట్టుకుంటే చిక్కే లేదు. కానీ మాట్లాడేటప్పుడు మనం అంత నిక్కచ్చిగా ఉండం. ‘రెండు రోజుల ముందే ఫోన్ చేశాడండీ’ అంటాం, అక్కడ ఉద్దేశం క్రితమే. ఆ ‘ముందు’ తిన్నగా వెళ్లి ఇంగ్లిష్‌లో ‘బిఫోర్ టూ డేస్’ అయి కూర్చుంటుంది.

ఎగో అనే మాట పుట్టుక తెలిస్తే దాని నడవడిక తేలిగ్గా అర్థమవుతుంది. వెళ్లిపోవడం, గడిచిపోవడం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ క్రియ ఒకటుండేది. దాని భూతకాల రూపమే అరిగి అరిగి ఎగోగా మిగిలింది. త్రీ ఇయర్స్ ఎగో అంటే మూలంలో ‘మూడేళ్లు గడిచాయి’ అనే. గడిచింది ఎప్పటికి? మాట్లాడుతున్న ఈ క్షణానికి. అందుకే ఎగో ఎప్పుడూ ఇప్పటినే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎంత కాలమో ముందు చెప్పి తర్వాత ఈ మాట చేర్చడానికీ కారణం అదే. ఇంగ్లిష్‌లో ఇలా వెనక వచ్చి చేరే మాటలు అరుదు. మనకు మాత్రం ఇది అలవాటైన వరసే: ‘మూడేళ్ల క్రితం’, ‘త్రీ ఇయర్స్ ఎగో’ మాటకు మాట సరిపోతాయి. అయినా మనమే తడబడడం వింతే.

ఎగోతో సాదా భూతకాలమే వస్తుంది. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ టూ ఇయర్స్ ఎగో’ కుదరదు. హ్యావ్ చేరిన క్రియ జరిగినదాన్ని ఇప్పటిదాకా లాక్కొస్తుంది. ఎగో దాన్ని ఒక పాత తేదీకి మేకు కొట్టి వదిలేస్తుంది. రెండూ ఒకే వాక్యంలో ఇమడవు. బిఫోర్‌కు ఈ పట్టింపు లేదు. ఎంత కాలమో చెప్పకుండా ఒంటరిగా వచ్చినప్పుడు ‘ఐ హ్యావ్ సీన్ దిస్ బిఫోర్’ అనొచ్చు. ఎప్పుడో, ఎన్నిసార్లో తెలియదు, ఇదివరకు చూశాను, అంతే. కాలం కొలత చేర్చి ‘టూ ఇయర్స్ బిఫోర్’ అన్నారా, వెంటనే ‘దేనికి ముందు?’ అనే ప్రశ్న వస్తుంది. ఆ ‘దేనికి’ అనేది గతంలోనే మరో చోట ఉంటుంది కాబట్టి క్రియ కూడా ఇంకో అడుగు వెనక్కి వేస్తుంది: ‘ఐ హ్యాడ్ మెట్ హిమ్ టూ ఇయర్స్ బిఫోర్.’

హన్స్ రైషెన్‌బాక్ అనే తత్వవేత్త 1947లో ఈ సంగతిని మూడు బిందువులుగా విడగొట్టి చూపించాడు: మాట్లాడుతున్న సమయం, సంఘటన జరిగిన సమయం, మన చూపు నిలిచి ఉన్న సమయం. మొదటి రెండూ అందరికీ తట్టేవే. మూడోది కనిపెట్టడమే అసలు పని. ‘హీ హ్యాడ్ లెఫ్ట్’ అన్నప్పుడు చూపు నిలిచింది అతను వెళ్లిన క్షణంలో కాదు, మాట్లాడుతున్న క్షణంలోనూ కాదు, మధ్యలో ఎక్కడో. ఎగో వాడితే మాట్లాడుతున్న సమయం నుంచే లెక్క. బిఫోర్ వాడితే ఆ మూడో బిందువు ఎక్కడుందో విడిగా చెప్పాలి.

ఇది వ్యాకరణ చాదస్తంగా కనిపిస్తే ఒక వాంగ్మూలం తీసుకుందాం. 2019లో ఒక సాక్షి ‘ఐ సా హిమ్ టూ ఇయర్స్ ఎగో’ అని చెప్పాడు, అంటే 2017లో చూశాడు. 2024లో ఆ కేసు గురించి రాస్తున్న విలేకరి ‘సాక్షి అతన్ని టూ ఇయర్స్ ఎగో చూశానన్నాడు’ అని పరోక్షంగా రాస్తే లెక్క 2024 నుంచి మొదలై 2022 దగ్గర తేలుతుంది. సాక్షి మాట ఒక్కటీ మారలేదు, సంఘటన మాత్రం ఐదేళ్లు ముందుకు జరిగింది. డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చేటప్పుడు ఎగోని బిఫోర్‌గా, లాస్ట్ వీక్‌ను ద ప్రీవియస్ వీక్‌గా, యెస్టర్‌డేని ద డే బిఫోర్‌గా మార్చమని బళ్లో పట్టిక ఇచ్చి బట్టీ పట్టించేది ఇందుకే. పట్టిక గుర్తుంటుంది గానీ, అదంతా లెక్క మొదలయ్యే చోటును ఇప్పటి నుంచి అప్పటికి జరపడమేనని ఎవరూ చెప్పకపోవడంతో అది వేధింపుగానే మిగిలిపోతుంది.

ఎగోకి బదులు ‘టూ ఇయర్స్ బ్యాక్’ అనడమూ మామూలే. మాటల్లో తప్పేమీ లేదు, రాతలో కాస్త చనువుగా ధ్వనిస్తుంది. అయితే ఈ బ్యాక్ దగ్గర ఒక తమాషా ఉంది. బ్యాక్ అంటే వెనక. బిఫోర్ అంటే మూలంలో ఎదుట, ముందువైపు. రెండూ గతాన్నే చూపిస్తున్నాయి! గతం మన వెనకుందా, ముందుందా? తెలుగును అడిగినా ఇదే గందరగోళం. ‘వెనకటికి ఒకాయన ఉండేవాడు’ అంటే గతం వెనక్కి పోయింది. ‘ముందే చెప్పాను కదా’ అంటే గతం ముందుకు వచ్చింది. ‘ముందు ముందు ఏం జరుగుతుందో’ అంటే అదే ముందు భవిష్యత్తు అయింది. కాలంలో మనం నడుస్తున్నామనుకుంటే గడిచింది వెనక పడుతుంది. సంఘటనలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి నడుస్తున్నాయనుకుంటే ముందు జరిగింది వరసలో ముందుంటుంది. భాష ఈ రెండు బొమ్మల్నీ ఎటువంటి మొహమాటం లేకుండా కలిపి వాడేస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఒక చిన్న ప్రశ్నతో పరీక్షించారు. బుధవారం జరగాల్సిన మీటింగ్‌ను రెండు రోజులు ‘ఫార్వర్డ్’ జరిపారు, ఇప్పుడది ఏ రోజు? మ్యాథ్యూ మెక్‌గ్లోన్, జెన్నిఫర్ హార్డింగ్ 1998లో ప్రచురించిన అధ్యయనం నుంచి ఈ ప్రశ్న పేరుపడింది. కొందరు సోమవారమంటారు, కొందరు శుక్రవారమంటారు. ఇద్దరూ తమదే సరైనదని గట్టిగా నమ్ముతారు. 2002లో లెరా బొరొడిట్‌స్కీ, మైకెల్ రామ్‌స్కర్ ఇదే ప్రశ్నను విమానాశ్రయంలో అడిగితే, ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడ్డవాళ్ల కన్నా అప్పుడే విమానం దిగినవాళ్లు ఎక్కువగా శుక్రవారం అన్నారు. ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు తామే కాలంలో ముందుకు కదులుతున్నట్టు అనిపించిందన్నమాట. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతపు ఐమారా భాషలోనైతే కన్ను, ముందువైపు అనే అర్థాలున్న మాటే గతాన్నీ చెబుతుంది. గతం గురించి మాట్లాడుతూ పెద్దవాళ్లు చెయ్యి ముందుకు చాపుతారని రఫాయెల్ నూన్యెస్, ఈవ్ స్వీట్సర్ 2006లో రాశారు. జరిగిపోయింది కళ్లెదుట ఉంటుంది, జరగబోయేదే కనబడదు. కాదనడానికి వీల్లేని తర్కం.

బిఫోర్‌తో ఇంకో మెలిక ‘బిఫోర్ లాంగ్’. చూడ్డానికి ‘లాంగ్ బిఫోర్’కు అన్నదమ్ముడిలా ఉంటుంది. లాంగ్ బిఫోర్ అంటే చాలాకాలం ముందు. బిఫోర్ లాంగ్ అంటే త్వరలోనే. అనువాదాల్లో ఈ రెండూ తారుమారై కథలో ఏళ్లకేళ్లు కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక లాస్ట్. ఈ కుటుంబంలో ఎక్కువ తగాదాలు పెట్టేది ఇదే. ఇది కూడా ఎగోలాగా ఇప్పటినే పట్టుకుంటుంది: లాస్ట్ వీక్ అంటే ఇవాళ్టి లెక్కలో పోయిన వారం. గతంలో జరిగిన కథ చెబుతూ దానికి ముందు వారం అనాలంటే ద ప్రీవియస్ వీక్. ఇంతవరకు సులువే. లాస్ట్ ముందు ‘ద’ చేరగానే లెక్క మారిపోతుంది. నెలలో 12వ తేదీ, బుధవారం అనుకుందాం. ‘లాస్ట్ వీక్’ అంటే 3వ తేదీ సోమవారం నుంచి 9వ తేదీ ఆదివారం దాకా, క్యాలెండర్‌లో పూర్తయిపోయిన వారం. ‘ఇన్ ద లాస్ట్ వీక్’ లేదా ‘ద పాస్ట్ వీక్’ అంటే 5వ తేదీ నుంచి ఈ రోజు దాకా గడిచిన ఏడు రోజులు. మంగళవారం, అంటే 11న జరిగింది రెండోదాంట్లో ఉంది, మొదటిదాంట్లో లేదు. ఏడాది విషయంలో తేడా ఇంకా పెరుగుతుంది. డిసెంబర్‌లో ‘లాస్ట్ ఇయర్’ అంటే పదకొండు నెలల కిందటే ముగిసిపోయిన సంవత్సరం. ‘ద లాస్ట్ ఇయర్’ అంటే దాదాపు మొత్తం ఈ సంవత్సరమే. అమ్మకాల లెక్కలో, లీవు దరఖాస్తులో, అద్దె ఒప్పందంలో ఆ ఒక్క అక్షరం డబ్బుతో సమానం. పాస్ట్‌కు ఈ రెండు నాలుకల ధోరణి లేదు, అది ఎప్పుడూ ఇప్పటిదాకా సాగిన కాలాన్నే చెబుతుంది. అనుమానం ఉన్నచోట లాస్ట్‌ను పక్కనపెట్టి పాస్ట్ వాడడం మేలు.

లాస్ట్‌కు ‘చిట్టచివరి’ అనే అర్థమూ ఉండడం మరో తలనొప్పి. బతికున్న రచయిత కొత్త పుస్తకాన్ని ‘హిజ్ లాస్ట్ నావెల్’ అన్నారంటే ఆయన ఇక రాయడని, లేదా అసలు లేడని అర్థం వచ్చే ప్రమాదముంది. అక్కడ లేటెస్ట్ అనాలి. ‘లాస్ట్ మార్చ్’ సంగతైతే ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకే తేలదు: మే నెలలో ఆ మాటంటే రెండు నెలల కిందటి మార్చా, నిరుటి మార్చా? మనం మాత్రం ‘నిరుడు’ అనేసి తప్పించుకుంటాం. రాత్రి విషయంలో ఇంగ్లిష్ ఆనవాయితీ వేరు. నిన్న ఉదయం, నిన్న మధ్యాహ్నం యెస్టర్‌డేతోనే. నిన్న రాత్రికి మాత్రం లాస్ట్ నైట్. ‘యెస్టర్‌డే నైట్’ అర్థమవుతుంది గానీ అలవాటైన చెవికి కొత్తగా తగులుతుంది. దీనికి తర్కం వెతకనక్కర్లేదు, వాడుక అంతే.

ఇప్పటి నుంచి లెక్కపెట్టే మాటలన్నిటికీ ఒక జబ్బుంది: ఆ ‘ఇప్పుడు’ కదులుతూ ఉంటుంది. ఈ రోజు రాసిన ‘టెన్ ఇయర్స్ ఎగో’ ఐదేళ్ల తర్వాత చదివేసరికి అబద్ధమవుతుంది. పురావస్తు శాస్త్రానికి ఈ ఇబ్బంది సూటిగా తగిలింది. పాత వస్తువుల్లో మిగిలిన కార్బన్-14ను కొలిచే రేడియోకార్బన్ పద్ధతిలో వయసు చెప్పేటప్పుడు ‘బిఫోర్ ప్రెజెంట్’ అంటారు, పొట్టిగా బీపీ. రక్తపోటుతో సంబంధం లేదు. అందులో ‘ప్రెజెంట్’ అంటే ఇవాళ కాదు, 1950. ఆ పద్ధతి వాడుకలోకి వస్తున్న కాలం అది; పైగా ఆ తర్వాత వాతావరణంలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పాళ్లు మారిపోయాయి. అలా వర్తమానాన్ని 1950లో ఆపేశారు. కార్బన్-14 హెచ్చుతగ్గులకు తగ్గట్టు సవరించిన లెక్కలో 3000 బీపీ అంటే సుమారు క్రీ.పూ. 1050. దాన్ని ‘మూడు వేల ఏళ్ల కిందట’ అని పత్రికలు రాస్తుంటాయి. అంత పాత విషయంలో డెబ్బై ఎనభై ఏళ్ల తేడా ఎవరికీ పట్టదు. మూడొందల ఏళ్ల నాటి వస్తువైతే పట్టించుకోవాలి. గ్రీన్‌లాండ్ మంచుపొరల కాలాన్ని లెక్కించేవాళ్లు తమ వర్తమానాన్ని 2000కు పాతారు. బిఫోర్ అనే మాట ఎందుకు వాడారో ఇక్కడ బాగా తెలుస్తుంది. లెక్క మొదలయ్యేది ఒక స్థిరమైన తేదీ నుంచి, కాబట్టి ఎగో పనికిరాదు.

ఎర్లియర్, ప్రీవియస్లీ, ఫార్మర్లీ ఒకదాని స్థానంలో మరొకటి వాడేస్తుంటారు, చాలాసార్లు చెల్లుతుంది కూడా. ఎర్లియర్‌కు దగ్గరి కాలం ఇష్టం: ఎర్లియర్ టుడే, ఎర్లియర్ దిస్ వీక్. ప్రీవియస్లీ, ఫార్మర్లీల మధ్య మాత్రం ఒక పదునైన గీత ఉంది. ఫార్మర్లీ అంటే అప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. శ్రీలంక, ఫార్మర్లీ సిలోన్: 1972లో పేరు మారింది, పాత పేరు ఇక అధికారికంగా లేదు. ప్రీవియస్లీ ఆ హామీ ఇవ్వదు. ‘ప్రీవియస్లీ చెప్పిన నియమం’ ఇప్పటికీ అమల్లో ఉండొచ్చు.

ప్రయర్ ఆఫీసు కాగితాల మాట. ‘ప్రయర్ పర్మిషన్ తీసుకోవాలి’ అంటే పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలని షరతు. అదే ‘ప్రీవియస్ పర్మిషన్’ అంటే ఇదివరకెప్పుడో ఇచ్చిన అనుమతి అనే అర్థం వస్తుంది. పేటెంట్ చట్టంలో ప్రయర్ ఆర్ట్ అనే మాట కూడా ఇలాంటిదే: దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిపోయిన పరిజ్ఞానం. అక్కడ ఒక్క రోజు తేడాతో హక్కు పోవచ్చు.

మనుషుల పక్కన చేరినప్పుడు ఈ మాటలకు మర్యాదలు, అమర్యాదలు కూడా వస్తాయి. తెలుగులో మాజీ అంటే సరిపోతుంది, ఇంగ్లిష్‌లో మూడు దారులున్నాయి. ప్రీవియస్ అంటే సరిగ్గా ఇప్పుడున్నవాడి కన్నా ముందువాడు, ఒక్కడే. ఫార్మర్ అంటే అంతకుముందున్న ఎవరైనా. (తెలుగు లిపిలో రాస్తే రైతుకూ మాజీకీ తేడా తెలియకపోవడం మన ఖర్మ.) గ్రోవర్ క్లీవ్‌లాండ్ అమెరికా అధ్యక్షుడిగా 1885 నుంచి 1889 వరకు ఒకసారి, 1893 నుంచి 1897 వరకు మరోసారి పనిచేశాడు, మధ్యలో బెంజమిన్ హారిసన్. 1890లో క్లీవ్‌లాండ్ ప్రీవియస్ ప్రెసిడెంట్, ఫార్మర్ ప్రెసిడెంట్ రెండూ అవుతాడు. 1892 ఎన్నికల్లో గెలిచి 1893లో తిరిగి రాగానే ఆ రెండు బిరుదులూ హారిసన్‌కు పోయాయి. ఫార్మర్ అనేది శాశ్వత ముద్రేమీ కాదు, ఊడిపోవచ్చు.

ఎక్స్ అర్థంలో ఫార్మర్‌కు దగ్గరే గానీ చనువెక్కువ. ఒంటరిగా ‘మై ఎక్స్’ అంటే పాత ప్రేమో, తెగిపోయిన పెళ్లో తప్ప మరోటి కాదు. లేట్ అంటే చనిపోయినవారు. ఎక్స్ హజ్బెండ్‌కూ లేట్ హజ్బెండ్‌కూ మధ్య ఉన్నది విడాకులకూ వైధవ్యానికీ ఉన్న తేడా, పొరపాటు పడితే ఎదుటివాళ్లు క్షమించరు. లేట్‌కు ఇంకో పరిమితి ఉంది: ఇటీవలి కాలంలో పోయినవాళ్లకు, బతికే ఉన్నారేమోనని వినేవాళ్లు అనుకునే అవకాశం ఉన్నవాళ్లకే దాన్ని వాడతారు. షేక్‌స్పియర్ ముందు లేట్ పెడితే నవ్వులాటే. మన ఆహ్వాన పత్రికల్లో ముత్తాతల పేర్ల ముందు కూడా లేట్ కనబడుతుంది. అది ఇంగ్లిష్ పద్ధతి కాదు, కీర్తిశేషులు అనే మన మర్యాదకు వేసిన ఇంగ్లిష్ చొక్కా. ‘ఒకప్పటి’ అనే అర్థమున్న అర్స్ట్‌వైల్‌దీ అలాంటి కథే. మన ఇంగ్లిష్ పత్రికలకు రద్దయిన సంస్థానాలన్నా, విడిపోయిన రాష్ట్రాలన్నా ఆ మాట లేనిదే గడవదు; బయటి పాఠకులకు అది పాతకాలపు గ్రాంథికంలా వినిపిస్తుంది.

అలవాట్ల సంగతి చెప్పేటప్పుడు తెలుగుకు ఒక్క ప్రత్యయం చాలు: ఉండేవాడు, వెళ్లేవాడు, తినేవాడు. ఇంగ్లిష్ ఇక్కడ రెండుగా చీలుతుంది. యూజ్డ్ టు అన్నిటికీ పనికొస్తుంది. ఉడ్ మాత్రం పదేపదే చేసిన పనులకే: ‘హీ ఉడ్ వాక్ టు స్కూల్’ సరే, ‘హీ ఉడ్ హ్యావ్ ఎ డాగ్’ అంటే కుక్క ఉండేదని కాదు, ఉండేదేమో అనే ఊహ అయిపోతుంది. రీసెంట్లీ, లేట్లీల మధ్య కూడా ఇలాంటి గీతే ఉంది. రీసెంట్లీ ఒక్కసారి జరిగినదానికీ చెల్లుతుంది. లేట్లీ కొన్నాళ్లుగా సాగుతున్నదానికే నప్పుతుంది. ‘ఈ మధ్య ఇల్లు కొన్నాడు’ రీసెంట్లీ, ‘ఈ మధ్య నిద్ర పట్టడం లేదు’ లేట్లీ.

హ్యావ్‌తో వచ్చే భూతకాలంలోని అన్నిటికన్నా విచిత్రమైన గుణం చావుతో బయటపడుతుంది. భాషాశాస్త్రంలో పేరుపడ్డ ఉదాహరణ ఒకటుంది: ‘ఐన్‌స్టీన్ హ్యాజ్ విజిటెడ్ ప్రిన్స్‌టన్.’ ఐన్‌స్టీన్ 1955లో పోయాడు. ఆ తర్వాత ఈ వాక్యం వింటే ఆయన ఇంకా ఉన్నట్టు, మళ్లీ వచ్చినా రావచ్చన్నట్టు ధ్వనిస్తుంది. సంగతి మార్చకుండా వాక్యాన్ని మాత్రం తిరగేసి ‘ప్రిన్స్‌టన్ హ్యాజ్ బీన్ విజిటెడ్ బై ఐన్‌స్టీన్’ అంటే ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రిన్స్‌టన్ ఇంకా ఉంది. ఇంగ్లిష్ పత్రికల్లో ప్రముఖుల సంస్మరణ వ్యాసాలు ముందే రాసి పెట్టుకుంటారు. వార్త రాగానే తేదీ, వయసు నింపడంతో పని అయిపోదు. ‘హ్యాజ్ రిటెన్’, ‘హ్యాజ్ వన్’ అని ఉన్నవాటిని వెతికి పట్టుకుని ‘రోట్’, ‘వన్’ చేయాలి.